అమెరికా హైస్కూల్లో ఎక్స్చేంజ్ విద్యార్థిగా: హోస్ట్ కుటుంబంతో తొలి రోజులు

జే-1 వీసాతో ఒక సెమిస్టరుకో ఏడాదికో అమెరికా హైస్కూల్లో చదవడానికి వచ్చే పిల్లలు హాస్టల్లో కాదు, ఒక కుటుంబంతో కలిసి ఉంటారు. ఆ కుటుంబానికి ఇందుకోసం ఎవరూ డబ్బివ్వరు. ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి నేర చరిత్రా పరిశీలించి, ఇల్లు చూసి, తమంతట తాము ముందుకొచ్చినవాళ్లకే ఈ ప్రోగ్రాం నడిపే సంస్థ మిమ్మల్ని అప్పగిస్తుంది. అక్కడ మీరు అతిథీ కాదు, అద్దెకున్నవాళ్లూ కాదు. మొదటి నెలలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ సంగతి తెలియక, నోరు తెరిచి అడగక వచ్చేవే.

బయల్దేరే ముందు

ఎక్కువమంది ఇబ్బంది పడేది టీకాల పత్రం దగ్గర. అది సరిగా లేకపోతే తరగతులు మొదలయ్యాక కూడా మిమ్మల్ని స్కూల్లోకి రానివ్వకపోవచ్చు. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసే తట్టు టీకాను అక్కడ లెక్కలోకి తీసుకోరు. మొదటి పుట్టినరోజు తరవాత వేసిన ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా) డోసులు రెండు ఉండాలి, వాటి మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు కాబట్టి చాలామంది వేయించుకుని ఉండరు. అదీ రెండు డోసులే. ఇక తేదీల గొడవ. 04-07 అంటే మనకు జూలై 4, వాళ్లకు ఏప్రిల్ 7. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయించి, డాక్టరు చేత సంతకం పెట్టించి ముద్ర వేయించండి. ప్రయాణానికి మూడు నెలల ముందే ఈ పని మొదలుపెడితే హడావుడి ఉండదు. ఏ టీకాలు తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మీరు వెళ్లే రాష్ట్రపు ఫారమే అడిగి తెప్పించుకోండి. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే టీబీ పరీక్షలో లేని జబ్బు ఉన్నట్టు కనబడవచ్చు. దాని బదులు ఇగ్రా రక్తపరీక్ష సరిపోతుందేమో అడగండి.

ఇంటర్ మధ్యలో వస్తున్నవాళ్లు, తిరిగొచ్చాక ఏ సంవత్సరంలో చేర్చుకుంటారో కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడి ఏడాదిని మన బోర్డు అలాగే లెక్కేస్తుందని అనుకోవద్దు. అమెరికా స్కూలు కూడా మీకు డిప్లొమా, అంటే హైస్కూలు పూర్తిచేసినట్టు పత్రం, ఇస్తుందన్న హామీ ఉండదు.

పాస్‌పోర్టు, డీఎస్-2019 (జే-1 వీసా కోసం సంస్థ ఇచ్చే అర్హత పత్రం), టీకాల పత్రం, మార్కుల పత్రాలు చేతి సంచిలోనే ఉంచుకోండి. తినే వస్తువు ఏది తెచ్చినా కస్టమ్స్ దగ్గర చెప్పాలి. పచ్చి కరివేపాకు అసలు తేవద్దు, నిమ్మజాతి చెట్లకు తెగులు తెస్తుందని దాన్ని నిషేధించారు. కళ్లద్దాలుంటే రెండో జత తెచ్చుకోండి. ప్రోగ్రాం ఇచ్చే ఇన్సూరెన్సులో మామూలుగా కళ్లకు, పళ్లకు ఖర్చులివ్వరు.

ఇంట్లో

మన ఇళ్లలో తినమంటే మొదట వద్దంటాం, రెండోసారి బతిమాలితే తింటాం. అక్కడ వద్దంటే వద్దనే అర్థం. మళ్లీ అడగరు, మీరు ఆకలితో పడుకోవాలి. కావాలంటే కావాలని మొదటిసారే చెప్పండి. ఫ్రిజ్‌లోంచి అడక్కుండా ఏవి తీసుకోవచ్చో మొదటి రోజే తెలుసుకోండి. శాకాహారులు "మాంసం తినను" అని ఊరుకుంటే చాలదు. గుడ్డు, చికెన్ నీళ్లతో చేసిన సూపు, పంది కొవ్వుతో వండిన బీన్స్, జెలటిన్ వేసిన మార్ష్‌మాలో, వీటిలో ఏది తింటారో ఏది తినరో కాగితం మీద రాసివ్వండి. గొడ్డుమాంసం తిననివాళ్లూ అంతే. వారానికొకసారి పప్పో పులిహోరో మీరే వండిపెడితే వాళ్లూ సంతోషిస్తారు. పోపు పెట్టేటప్పుడు మాత్రం ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, లేకపోతే పొగకు అలారం మోగుతుంది.

బాత్రూం సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. అక్కడ నేలమీద నీళ్లు పోయే తూము ఉండదు. షవర్ తెరను టబ్బు లోపలికి వేసుకుని స్నానం చేయకపోతే నీళ్లు నేలలోకి ఇంకి కింది గది కప్పు పాడవుతుంది. వేడినీళ్లు ఒక ట్యాంకుకు సరిపడానే ఉంటాయి, కాబట్టి పది నిమిషాల్లో ముగించండి. తలకు నూనె రాసుకునే అలవాటుంటే దిండు మీద పాత తువ్వాలు వేసుకోండి. బట్టలు డ్రైయర్‌లో వేసిన ప్రతిసారీ జాలీలో చేరిన నూలుపొట్టు తీసేయాలి. పేరుకుంటే మంటలు రేగే ప్రమాదముంది.

గిన్నెలు సర్దడం, చెత్తడబ్బా వీధిలో పెట్టడం వంటి పనుల్లో మీ వంతు ఏదో అడిగి చేయండి. సాయంత్రం గది తలుపు వేసుకుని ఫోన్లో కూర్చుంటే, ఇంటి మీద బెంగ అని వాళ్లకు తెలియదు, తామంటే ఇష్టం లేదనుకుంటారు. మన దగ్గర ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్పుకోం. అక్కడ చిన్న పనికైనా చెప్పాలి. ఏమని పిలవాలో వాళ్లనే అడగండి.

అమ్మానాన్నలతో రోజూ గంటలకొద్దీ మాట్లాడితే బెంగ తగ్గదు, పెరుగుతుంది. వారానికొక వేళ పెట్టుకోండి. సెంట్రల్ టైమ్ (అమెరికా మధ్య రాష్ట్రాల సమయం) ప్రాంతంలో ఆదివారం ఉదయం 9 అంటే మనకు రాత్రి 7.30, నవంబరు మొదటి ఆదివారం నుంచి అదే మనకు 8.30 అవుతుంది.

పారాసిటమాల్‌ను అక్కడ అసిటమినోఫెన్ అంటారు. డోలో 650 వేసుకున్న కాసేపటికే వాళ్లిచ్చిన టైలనాల్ వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు పడ్డట్టే. బ్యాగులో మాత్రలు పెట్టుకుని స్కూలుకు వెళ్లకండి, నర్సుకు ఫారం ఇచ్చి ఆమె దగ్గరే ఉంచాలి.

స్కూల్లో

సబ్జెక్టులు మార్చుకోవడానికి గడువు సాధారణంగా మొదటి వారం రెండు వారాలే. లెక్కలు మరీ తేలికగా అనిపిస్తే వెంటనే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. హోంవర్కుకూ చిన్న క్విజ్‌లకూ రోజూ మార్కులు పడతాయి, ఇవ్వని పనికి సున్నా వేస్తారు. పరీక్షల ముందు రాత్రంతా చదివి గట్టెక్కడం కుదరదు. ఫుట్‌బాల్, వాలీబాల్, క్రాస్ కంట్రీ ఆటల ఎంపికలు తరగతులకంటే ముందే ఆగస్టులో జరుగుతాయి, డాక్టరు పరీక్ష ఫారం లేకపోతే ఆడనివ్వరు.

ఉద్యోగం చేయకూడదు; అప్పుడప్పుడు పిల్లల్ని చూసుకోవడం, పెరటి పని చేయడం వంటివి ఫర్వాలేదు. కెనడాకో మెక్సికోకో వెళ్లాల్సివస్తే డీఎస్-2019 మీద సంస్థవారి సంతకం ముందే పెట్టించుకోవాలి.

పొసగకపోతే

సంస్థ తరఫున మీ బాగోగులు చూసే లోకల్ కోఆర్డినేటర్ మీకు 120 మైళ్ల లోపే ఉండాలి, నెలనెలా మీతోనూ కుటుంబంతోనూ మాట్లాడాలి. చిన్న ఇబ్బందులైతే ముందు హోస్ట్ తల్లిదండ్రులతోనే చెప్పండి, కుదరకపోతే కోఆర్డినేటర్‌తో. ఇల్లు మార్చడం మామూలే, దాన్ని తప్పుగా భావించి పరువు కోసం భరించకండి. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించినా, భయపెట్టినా, తిండి సరిగా పెట్టకపోయినా ఈ వరస చూడొద్దు. ప్రాణాపాయమైతే 911కు చేయండి. లేదంటే అమెరికా విదేశాంగ శాఖ జే-1 విద్యార్థుల కోసం నడిపే 1-866-283-9090కు నేరుగా చేయవచ్చు. ఈ నంబరు, కోఆర్డినేటర్ నంబరు, ఇంటి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, ఒక ఫొటో అమ్మానాన్నలకు పంపండి.