చేతక్ నమూనా: తోక బల్లకు ఆనితే, అద్దం మసకబారితే

గాలింపు, రక్షణ పనులకు మన నౌకాదళం వాడే చేతక్ హెలికాప్టర్‌కు 1/48 కొలతలో (అసలులో 48వ వంతు) ప్లాస్టిక్ నమూనా కట్టాలంటే అలూయెట్ 3 కిట్ (అతికించుకునే ముక్కల పెట్టె) వెతుక్కోవాలి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారుచేసింది ఆ ఫ్రెంచి హెలికాప్టర్‌నే. నెల్లూరులో రెండు కట్టాను. మొదటిది పాడుచేసి నేర్చుకున్నవే ఇవన్నీ.

ముక్కు లేచి తోక బల్లకు ఆనుతోంది

కారణం: చేతక్‌కు ముందు ఒక చక్రం, వెనక రెండు. ముక్కంతా అద్దం. ఇంజను, తోక వెనక వైపు. నమూనాలో బరువంతా వెనక్కే పోతుంది.

పరిష్కారం: ముందు బరువు పెట్టాలి. చిక్కల్లా దాన్ని దాచడమే, ఎటు నుంచి చూసినా లోపల కనిపిస్తుంది మరి. వలలకు కట్టే సీసం గుండ్లు మైపాడు వైపు దొరుకుతాయి. వాటిని సుత్తితో రేకులా సాగగొట్టి ముందు సీట్ల అడుగున, మీటర్ల పలక వెనక అమర్చండి. పని కాగానే చేతులు కడుక్కోండి. తెల్ల జిగురు మాత్రం వాడవద్దు. సీసం దానితో కలిసి తెల్లగా పూసి ఉబ్బుతుంది, నా మొదటి చేతక్ నేల ఏడాది తిరగకుండా చీలింది. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు మేలు.

ఎంత బరువు? శరీరాన్ని మూయకముందే రెండు సగాలను, రోటర్‌ను (పైన తిరిగే రెక్కలను), అద్దాన్ని టేపుతో కట్టండి. వెనక చక్రాలు వచ్చే చోట అడుగున పెన్సిల్ అడ్డంగా పెట్టి, ముక్కు వాలేదాకా సీసం చేర్చండి. అదనంగా ఇంకో గుండు వేయండి. బరువు చాలలేదని మూసేశాక తెలిస్తే ముందు చక్రాన్ని చెక్క పీఠానికి అంటించేయడమే. నేనూ అదే చేశాను.

అద్దం లోపల తెల్లటి పొగ

సూపర్ గ్లూ ఆవిరి అది. తేమ గాలిలో ఇంకా తొందరగా పట్టుకుంటుంది. బయటి వైపైతే టూత్‌పేస్టుతో మెల్లగా రుద్దితే పోతుంది, లోపలి వైపైతే అద్దం ఊడదీయాల్సిందే. అద్దాలకు తెల్ల జిగురే వాడండి, సీసానికి పనికిరానిది ఇక్కడ పనికొస్తుంది.

రంగు పాలు పోసినట్లు తెల్లబారింది

లాకర్ రంగు (థిన్నర్‌తో పలచన చేసి కొట్టేది) ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగిన వారంలో రంగు వేసిన నా తెలివికి ఏమనాలి! పొడి రోజు చూసి నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను పలచగా కొడితే చాలావరకు సర్దుకుంటుంది.

రెక్కలు వంకర

రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊళ్లో కిట్ పెట్టెను కిటికీ పక్కన, ఎండలో నిలిపిన కారులో ఉంచకూడదు. వంగిన రెక్కలను వేడి నీళ్లలో ముంచి, గాజు పలక మీద అదిమి చల్లారనివ్వండి. నిలిపి ఉంచిన అసలు హెలికాప్టర్ రెక్కలు మూడూ కొద్దిగా కిందికి వాలి ఉంటాయి కాబట్టి పూర్తిగా తిన్నగా చేయవద్దు. మూడూ ఒకేలా వాలాలి, అంతే.

డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తు) అంచున తెల్ల మరక

మెరిసే మరకైతే గరుకు రంగుకూ డెకాల్‌కూ మధ్య చిక్కుకున్న గాలి. సూదితో పొడిచి డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం రాయండి, ఈసారి ముందుగా మెరిసే (గ్లాసీ) వార్నిష్ వేయండి. పొడి పొడిగా రాలే మరకైతే నీళ్లలోని లవణం. కనిగిరిలో ఉండే మా బావమరిది బోరు నీళ్లలో నానబెట్టి గుండ్రటి గుర్తుల చుట్టూ ముగ్గు పెట్టినట్లు చేశాడు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొనిపించాను.

మనుషులను పైకి లాగే తాడు గాలిలో తేలుతోంది

దారానికి బరువు లేదు, పైగా నూగు. పాడైన ఛార్జర్ తీగలోంచి ఒక్క రాగి పోగు లాగి, రెండు స్కేళ్ల మధ్య దొర్లించి తిన్నగా చేయండి.