ఆఫీసు ల్యాండ్‌ఫోన్: వైరు తగిలించడం నుంచి కాల్ ట్రాన్స్‌ఫర్ దాకా

మొదటి ఉద్యోగంలో నా బల్ల మీది ఫోన్ మూగగా ఉందని కొత్తది తెప్పించుకున్నాను. అదీ మూగదే. తీరా చూస్తే వైరు గోడ సాకెట్‌లోకి సగమే దిగింది. ల్యాండ్‌ఫోన్ పని చేయలేదంటే ముందు వైర్లనే అనుమానించాలని ఆ రోజు తెలిసింది. అందుకే ఇక్కడ కూడా వైర్ల గురించే ఎక్కువ చెబుతున్నాను.

ముందు మీది ఏ రకం ఫోనో చూడండి. గోడకు వెళ్లే వైరు చివర చిన్న ప్లాస్టిక్ పిన్ను ఉండి, అందులో రెండో నాలుగో లోహపు తీగలు కనిపిస్తే అది ఆర్‌జే11, ఫోన్ లైన్ పిన్ను. ఇంకా వెడల్పుగా, ఎనిమిది తీగలతో కంప్యూటర్ నెట్ కేబుల్‌లా ఉంటే ఆర్‌జే45. అప్పుడు మీది దాదాపుగా ఐపీ ఫోన్, ఆఫీసు నెట్‌వర్క్ మీద నడిచేది. దాని వెనక సాధారణంగా రెండు నెట్ సాకెట్లుంటాయి. ఒకటి గోడకు, రెండోది మీ కంప్యూటర్‌కు. రెండూ గోడకే పెట్టకండి, నెట్‌వర్క్ మొత్తం తికమక పడొచ్చు. ఇందులో ఒక చిక్కుంది. కొన్ని ఆఫీసు ఎక్స్‌ఛేంజ్‌ల (ఆఫీసులోని ఫోన్లన్నిటినీ కలిపే పెట్టెల) కోసమే చేసిన డిజిటల్ ఫోన్లకూ ఆర్‌జే11 లాంటి పిన్నే ఉంటుంది. ఆ సాకెట్‌కు మామూలు ఫోన్ తగిలిస్తే పని చేయదు. అనుమానంగా ఉంటే ఫోన్లు చూసుకునేవాళ్లను ఒక మాట అడగండి.

ఇక మామూలు ఫోన్ సంగతి. పెట్టెలో రెండు వైర్లుంటాయి. స్ప్రింగులా చుట్టలు తిరిగినది రిసీవర్‌కు, తిన్నగా ఉన్నది గోడకు. రిసీవర్ వైరు పిన్ను లైన్ పిన్ను కంటే సన్నం. ఇక్కడే చాలామంది మోసపోతారు: ఆ సన్న పిన్ను లైన్ సాకెట్‌లోకి కూడా వదులుగా దూరిపోతుంది. ఫోన్ పని చేయదు సరికదా, సాకెట్ లోపలి అంచు తీగలు వంగిపోవచ్చు. కాబట్టి చుట్టల వైరు ఒక కొస రిసీవర్ అడుగున, రెండో కొస ఫోన్ పక్కన రిసీవర్ బొమ్మ ఉన్న చోట పెట్టండి. లైన్ వైరు ‘లైన్’ అని రాసిన చోట నుంచి గోడ సాకెట్‌కు వెళ్లాలి. ప్రతి పిన్నూ ‘టిక్’ మనాలి. తర్వాత మెల్లగా లాగి చూడండి. ఊడి వచ్చిందంటే సరిగా కూర్చోలేదన్నమాట.

అదే లైన్ మీద పాతకాలపు డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్‌కూ గోడకూ మధ్య చిన్న ఫిల్టర్ పెట్టాలి. లేకపోతే మాటల మధ్య బుసబుసమని చప్పుడు వస్తుంది.

మామూలు ఫోన్‌కు కరెంటు ప్లగ్ అక్కర్లేదు. లైన్‌లోనే దాదాపు 48 వోల్టుల డీసీ కరెంటు వస్తుంది. రింగయ్యేటప్పుడు ఇంచుమించు 90 వోల్టుల ఏసీ తోడవుతుంది. అందుకే ఊడిన తీగల్ని వేళ్లతో ముట్టుకోవద్దు. లైన్ ఇచ్చే ఎక్స్‌ఛేంజ్‌లో కరెంటు ఉన్నంతసేపు ఆఫీసులో కరెంటు పోయినా ఫోన్ పలుకుతుంది. అయితే లైన్ ఆఫీసులోని మోడెం నుంచి వస్తుంటే, ఆ మోడెం ఆగితే ఫోన్ కూడా ఆగుతుంది. డిస్‌ప్లే ఉన్న కొన్ని ఫోన్లకు బ్యాటరీలు కావాలి. వాటిని మార్చేముందు లైన్ వైరు తీసేయండి.

ఇప్పుడు రిసీవర్ ఎత్తండి. ఆగకుండా ‘కూ...’ అని డయల్ టోన్ వినిపించాలి. అది వస్తే సగం పని అయినట్టే. ఫోన్ అడుగునో పక్కనో రెండు బుల్లి స్విచ్‌లుంటాయి. ఒకటి రింగు శబ్దానికి. ఇది ఆఫ్‌లో ఉండిపోయి ‘ఎవరూ ఫోన్ చేయడం లేదే’ అనుకున్నవాళ్లు నాకు తెలుసు. రెండోది టోన్, పల్స్ మధ్య మార్చేది. దాన్ని టోన్‌లో ఉంచండి. టోన్‌లో ప్రతి మీటా ఒకేసారి రెండు స్వరాలు పంపుతుంది. ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే రికార్డెడ్ గొంతుకు అర్థమయ్యేది అవే.

బయటి నంబరుకు చేయాలంటే చాలా ఆఫీసుల్లో ముందు 0 లేదా 9 నొక్కి, మళ్లీ టోన్ వచ్చాక నంబరు కొట్టాలి. లోపలివాళ్లకైతే ఎక్స్‌టెన్షన్ నంబరు, అంటే ఆఫీసు లోపలి పొట్టి నంబరు, చాలు.

అందరికీ టెన్షన్ పెట్టేది కాల్ ట్రాన్స్‌ఫర్. ముందు పక్క సీటువాళ్లతో రెండుసార్లు ప్రాక్టీస్ చేయండి. మామూలు (అనలాగ్) ఫోన్లలో ఎక్కువచోట్ల వరస ఇదీ:

1. ‘ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి, కలుపుతాను’ అని చెప్పండి.
2. ‘ఫ్లాష్’ లేదా ‘ఆర్’ అని రాసిన మీట ఒకసారి నొక్కండి. మళ్లీ డయల్ టోన్ వస్తుంది.
3. ఎక్స్‌టెన్షన్ నంబరు కొట్టి, అవతలివాళ్లు ఎత్తాక లైన్‌లో ఎవరున్నారో చెప్పండి.
4. మీ రిసీవర్ పెట్టేయండి. వాళ్లిద్దరూ కలుస్తారు.

ఫ్లాష్ మీట బదులు రిసీవర్ పెట్టే కొక్కేన్ని వేలితో తట్టడం పాత అలవాటు. కాస్త ఎక్కువసేపు నొక్కితే కాలే కట్ అవుతుంది. మీటే మేలు. ఇంకో సంగతి, మ్యూట్ వేరు, హోల్డ్ వేరు. మ్యూట్‌లో మీ మాట వాళ్లకు వినిపించదు, వాళ్ల మాట మీకు వినిపిస్తుంది. హోల్డ్‌లో ఇద్దరికీ వినిపించదు. అవతలివాళ్లు పాపం పాట వింటూ కూర్చుంటారు.

ఫోన్ మూగబోతే పిన్నులన్నీ తీసి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత పని చేస్తున్న వేరే ఫోన్‌ను దాని వైరుతోనే అదే సాకెట్‌కు తగిలించండి. అదీ మూగదైతే తప్పు లైన్‌దే. అది పలికితే మీ ఫోన్‌దో దాని వైరుదో. కదిపినప్పుడల్లా గరగరమంటే చుట్టల వైరు మార్చండి, తరచూ అరిగేది అదే. ఉరుములు మెరుపులప్పుడు మాత్రం వైరు ఫోన్ ముట్టుకోకండి.

చుట్టల వైరు మెలి పడిపోతే రిసీవర్‌ను బల్ల అంచు నుంచి కిందికి వేలాడదీసి వదలండి. గిరగిరా తిరిగి దానంతట అదే విడిపోతుంది. విడిపోయాక మళ్లీ ఫోన్ మీద సరిగా పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే ఎవరు చేసినా ఎంగేజే.