పాత సీజీఐ స్క్రిప్టులను మాడ్‌పెర్ల్‌కు మార్చడం

నెల్లూరు రొయ్యల రైతులకు కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధరలు చూపే సైటు పాత పెర్ల్ సీజీఐ మీద, అంటే ప్రతి అభ్యర్థనకూ వెబ్ సర్వర్ విడిగా ఒక పెర్ల్ ప్రోగ్రామును నడిపే పద్ధతిలో, నడుస్తోందనుకుందాం. ఎవరు పేజీ తెరిచినా కొత్త ప్రాసెస్ పుట్టి, స్క్రిప్టు మొదటినుంచీ కంపైల్ అవుతుంది. మాడ్‌పెర్ల్ 2లో పెర్ల్ అపాచీ వెబ్ సర్వర్ లోపలే ఉంటుంది, కంపైలైన కోడ్ మెమరీలో నిలుస్తుంది.

ముందు ప్రతి స్క్రిప్టులో తప్పులు పట్టించే స్ట్రిక్ట్, వార్నింగ్స్ ఆదేశాలు పెట్టి హెచ్చరికలన్నీ తీర్చండి. తర్వాత అపాచీ సెట్టింగుల్లో ఆ స్క్రిప్టుల ఫోల్డరుకు రిజిస్ట్రీ హ్యాండ్లర్ (మాడ్‌పెర్ల్‌లో పాత సీజీఐ స్క్రిప్టులను నడిపే భాగం) కట్టి, స్క్రిప్టులను నడపనిచ్చే ఎగ్జెక్‌సీజీఐ, అవి పంపే హెడర్లను చదివే పార్స్‌హెడర్స్ ఆన్ చేయండి.

అసలు చిక్కు ఇక్కడే. రిజిస్ట్రీ స్క్రిప్టు మొత్తాన్నీ ఒక సబ్‌రొటీన్‌లో (పేరుతో పిలిచే కోడ్ ముక్క, క్లుప్తంగా సబ్) చుడుతుంది. పైన 'మై'తో ప్రకటించిన వేరియబుల్‌ను లోపలి సబ్ వాడితే, దానికి మొదటి విలువే అతుక్కుపోతుంది: 30 కౌంటు అడిగిన రైతుకు 100 కౌంటు ధర కనిపిస్తుంది. డబ్బుతో ముడిపడిన తప్పు, అశ్రద్ధ తగదు. విలువను సబ్‌కు ఆర్గ్యుమెంటుగా పంపండి.

పరీక్షకు అపాచీని ఎక్స్ (-X) ఆప్షన్‌తో ఒకే ప్రాసెస్‌గా నడపండి. లేకపోతే ఒక్కో ప్రాసెస్‌లో ఒక్కో విలువ అతుక్కుని, తప్పు ఒకసారి కనబడి, ఇంకోసారి దాక్కుంటుంది. మరీ చిందరవందర స్క్రిప్టులకు రిజిస్ట్రీ బదులు, ప్రతిసారీ స్క్రిప్టును మళ్లీ కంపైల్ చేసే పెర్ల్‌రన్ హ్యాండ్లర్ చాలు, వేగం కాస్త తక్కువే. సొంత మాడ్యూల్ మారిస్తే అపాచీని రీస్టార్ట్ చేయాలి.