లాబ్రడార్‌తో డమ్మీ శిక్షణకు బయల్దేరే ముందు

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి పడిన పక్షిని తెచ్చివ్వడం నేర్పాలన్నా, పక్షుల జోలికి పోకుండా దానికి బదులు విసిరే కాన్వాస్ మూట, అంటే డమ్మీతోనే నేర్పించండి.

- అన్నిటికంటే ఎండతోనే భయం. హుషారెక్కువ ఉన్న కుక్క అలసిపోయినా ఆగదు, ఆపాల్సింది మీరే. తెల్లవారుజామునే వెళ్లండి. నేల మీద చెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే ఇంటికి తిరిగి వచ్చేయండి. విపరీతంగా రొప్పుతూ చిగుళ్లు ముదురు ఎరుపెక్కితే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.
- కడుపు నిండా పెట్టి పరిగెత్తించొద్దు.
- పుల్లలు విసరొద్దు, గొంతులో గుచ్చుకుంటాయి.
- పిలవగానే వచ్చే అలవాటు గట్టిపడేదాకా పొడవాటి తాడు విప్పకండి. తాడును హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) కట్టండి, మెడపట్టీకైతే ఒక్క కుదుపుకే మెడ దెబ్బతినొచ్చు.
- డమ్మీ పడ్డాక కూడా కూర్చునే ఉందా? అప్పుడే తెమ్మనండి. నా దృష్టిలో ఈ ఓపికే సగం శిక్షణ.