ఎడారి దేశంలో షూటింగ్: సిక్కోలు, విజయనగరం చిన్న యూనిట్ల కోసం ముందస్తు ప్రణాళిక

ఎడారిలో తీయవలసిన ఘట్టం కథలో ఉన్నప్పుడు విమాన టికెట్ల ధర కంటే ముందు తేల్చుకోవలసినది, ఆ ఘట్టంలో ఏ షాట్లకు నిజంగా ఎడారి అవసరమన్న సంగతి. గుడారం లోపలి సంభాషణలు, జీపులో కూర్చున్న క్లోజప్పులు, రాత్రి చలిమంట దగ్గర సన్నివేశాలు వేసవిలో ఎండిన వంశధార ఇసుక మేటల మీద కూడా తీయవచ్చు. పగటి వెలుగులో మాత్రం మన ఏటి ఇసుక రంగు పట్టిస్తుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల రంగు దగ్గరగా ఉంటుందని కొందరు సూచిస్తారు గానీ, అది జాతీయ భూవారసత్వ స్థలం కనుక అక్కడ వాహనాలు దించడం, సెట్లు వేయడం వంటి ఆలోచన పెట్టుకోకపోవడమే మంచిది. ఈ వడపోత నిజాయితీగా జరిగితే విదేశానికి మిగిలేవి ఎక్కువగా వైడ్ షాట్లే. దానితో పాటే యూనిట్ సంఖ్యా తగ్గుతుంది.

దేశం విషయంలో మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఎర్ర ఇసుక, రాతి కొండలు కావాలంటే జోర్డాన్‌లోని వాదీ రమ్, ఎత్తైన ఇసుక తిన్నెలు కావాలంటే అబుదాబి దక్షిణాన ఉన్న లీవా, మట్టికోటలూ స్టూడియోలూ కూడా కావాలంటే మొరాకోలోని వర్జాజాత్ అనుకూలం. ఖర్చులో కొంత వెనక్కి ఇచ్చే పథకాలు ఈ దేశాల్లో ఉన్నాయి. అయితే ఆ సొమ్ము ఖర్చుపెట్టి లెక్కలు చూపించిన తరువాతే వస్తుంది, దానికి కనీస వ్యయపరిమితులూ ఉంటాయి కాబట్టి చిన్న నిర్మాత దానిని బడ్జెట్‌లో ఆదాయంగా రాసుకోకూడదు.

వాదీ రమ్‌నే ఎంచుకున్నారనుకుందాం. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రక్షిత ప్రాంతమది. అక్కడ చిత్రీకరణకు జోర్డాన్ ప్రభుత్వ చలనచిత్ర సంస్థ అయిన రాయల్ ఫిల్మ్ కమిషన్‌ను ముందుగా సంప్రదించాలి. స్థానిక లైన్ ప్రొడ్యూసర్ ఉంటే స్క్రిప్టు సమర్పణ మొదలు జీపులు నడిపే బెదూయిన్ల (ఎడారి తెగవారి) వరకు ఆయనే చూసుకుంటాడు. అక్టోబరు, నవంబరు నెలలు అనువైనవి. మార్చి తరువాత దుమ్ముగాలులు వీస్తాయి, చలికాలపు రాత్రులు దాదాపు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి, వేసవి గురించి చెప్పనక్కరలేదు. రంజాన్ మాసం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుగా వస్తుంది కనుక తేదీలు ఖాయం చేసే ముందు ఆ క్యాలెండరు కూడా చూడాలి. బేస్ క్యాంపును వాగు అడుగున వేయకూడదు. ఒడిశా కొండల్లో వాన కురిస్తే ఇక్కడ చుక్క పడకపోయినా నాగావళి పొంగినట్టే, ఎక్కడో దూరాన కురిసిన వానకు ఎండిన ఎడారి వాగు క్షణాల్లో నిండుతుంది.

మన జిల్లాల యూనిట్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పాస్‌పోర్టులది. పదో తరగతి పాసవని లైట్ బాయ్‌లు, డ్రైవర్ల పాస్‌పోర్టులు ఈసీఆర్ తరగతివి, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావలసినవి, కావచ్చు. జోర్డాన్, యూఏఈ (అబుదాబి ఉన్న దేశం) రెండూ ఆ జాబితా దేశాలే, మొరాకో కాదు. వారు వెళ్లే వీసాకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమో కాదో హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. అవసరం లేదన్నా సరే, తిరుగు టికెట్టు, నిర్మాణ సంస్థ లేఖ ప్రతివారి చేతిలో విడివిడిగా ఉండాలి. ఇక సోంపేట, కవిటి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు, అడిగితే ప్రాణం పెట్టి సాయం చేస్తారు. అయినా ఒక కంపెనీ వీసాపై ఉన్న మనిషిని అనుమతి లేకుండా మన పనిలో పెట్టుకుంటే అక్కడి చట్టం ప్రకారం చిక్కుల్లో పడేది అతనే. దారి అడగండి, సలహా తీసుకోండి, జీతానికి మాత్రం పెట్టుకోవద్దు.

సామాను సర్దేటప్పుడు లిథియం బ్యాటరీలను లెక్కపెట్టి వేరు చేయాలి. విడి బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల లోపువి చేతి సంచిలో వెళతాయి, 100 నుంచి 160 వరకు ఉన్నవి విమాన సంస్థ అనుమతితో మనిషికి రెండు, అంతకు మించినవి కార్గోలోనే. డ్రోన్‌ను అనుమతి లేకుండా తీసుకెళ్తే మొరాకోలో విమానాశ్రయంలోనే పట్టుకుంటారు, జోర్డాన్‌లోనూ ముందస్తు అనుమతి తప్పదు. యూఏఈ మీదుగా వెళ్లేవారు వంట సామానులో గసగసాలు, గసగసాలు కలిసిన మసాలాలు ఉన్నాయేమో తప్పక వెతకాలి; అక్కడ అవి నిషేధం. చోడి (రాగి) పిండి మాత్రం ధారాళంగా పట్టుకెళ్లండి, ఎండలో పనిచేసేవారికి పొద్దున్నే అంబలి కంటే నమ్మకమైనది మరొకటి లేదు.

చిత్రీకరణ రోజున అందరికంటే పెద్ద శత్రువు మన పాదముద్ర. నిర్మానుష్యమైన తిన్నె కావలసిన చోట అసిస్టెంటు ఒక్కడు నీళ్ల సీసా తేవడానికి అడ్డంగా నడిస్తే ఆ ఫ్రేమ్ పోయినట్టే, మళ్లీ గాలి వీచి చెరిపేదాకా ఎదురుచూడాలి. అందుచేత కెమెరా వెనుక ఒకే దారిని తాడు కట్టి గుర్తించి, మనుషులూ జీపులూ ఆ దారినే రావాలని మొదటి రోజే చెప్పాలి. ముందు వైడ్ షాట్లు, ఆ తరువాతే దగ్గరి షాట్లు. రెండో టేక్ కోసం నటుడు నడిచే గీతను పక్కకు జరపగలిగేలా ఫ్రేమ్‌ను మొదటే ఎంచుకోవాలి. ఈ క్రమాన్ని కళింగపట్నం తీరంలో, అల తడపని పొడి ఇసుక మీద ఒక పూట సాధన చేసి వెళితే యూనిట్‌కు అలవాటవుతుంది.

మధ్యాహ్నపు ఎండలో తిన్నెలకు నీడలుండవు, చిత్రం చదునుగా కనిపిస్తుంది. కాల్ షీటును తెల్లవారుజాము, సాయంత్రం అని రెండు ముక్కలు చేసి మధ్యలో విశ్రాంతి, డేటా కాపీ పెట్టుకోవాలి. లెన్సులు మార్చే పని మూసి ఉన్న వాహనంలోనే జరగాలి, ఏసీ మాత్రం వేయకూడదు.

తిరుగు ప్రయాణంలో ఫుటేజీ రెండు ప్రతులు ఇద్దరి చేతి సంచుల్లో వేరువేరుగా ఉండాలి. పరికరాలకు మొరాకో, యూఏఈలలో ఫిక్కీ జారీచేసే ఏటీఏ కార్నెట్ (సుంకం లేకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి తెచ్చుకునే పత్రం) చెల్లుతుంది. జోర్డాన్‌లో తాత్కాలిక దిగుమతి ఏర్పాట్లు ఫిల్మ్ కమిషన్ ద్వారా చేసుకోవాలి. ఏ పద్ధతైనా, మన దేశం దాటేటప్పుడు కస్టమ్స్ వారితో సీరియల్ నంబర్ల జాబితాపై ముద్ర వేయించుకోకపోతే సొంత కెమెరాకే తిరిగి వచ్చేటప్పుడు సుంకం అడుగుతారు. అక్కడ బయలుదేరేటప్పుడు వేయించవలసిన ముద్రకు కూడా విమానాశ్రయంలో అదనంగా రెండు గంటలు కేటాయించుకోవాలి.