గ్లేజ్ నమూనా బిళ్లలు, 4వ పాఠం: మజ్జిగ మాటను వెనక్కి తీసుకుంటున్నాను

ఈ పాఠంలో రెండు గ్లేజ్‌లను (కాల్చినప్పుడు మట్టి పాత్ర మీద గాజు పొరగా మారే పూతలను) పాళ్లు మార్చి కలిపే పద్ధతి చెప్పాలనుకున్నాను, కాని అది వాయిదా పడింది. గత పాఠంలో గ్లేజ్ ఎంత చిక్కగా ఉండాలో చెబుతూ “చిక్కటి మజ్జిగలా” అని ఒక్క మాట రాసి ముందుకు సాగిపోయాను; ఆ మాట నమ్మి మీరు గ్లేజ్‌లో ముంచి కాల్చిన మట్టి బిళ్లలు ఇప్పుడు నా ముందున్నాయి. అందరూ వాడినది ఒకే మిశ్రమం, అందరూ కాల్చింది కోన్ 6 అనే వేడి మెట్టు దాకానే, అంటే సుమారు 1,220 డిగ్రీలు. అయినా ఒకరి బిళ్ల నల్లగా నిగనిగలాడుతోంది, ఒకరిది డికాక్షన్ రంగులో ఉంది, మరొకరిది తుప్పు రంగులో గరుకుగా మిగిలింది, ఇంకొకరిదైతే కారి కిల్న్ (కాల్చే కొలిమి) పలకకే అతుక్కుపోయింది. తప్పు నాదే. మజ్జిగ ఏ ఇంటిది ఆ ఇంటిదే. మా అమ్మ చేసే మజ్జిగలో కరివేపాకు మునగదు, మా అత్తగారి మజ్జిగలో గ్లాసు అడుగు కనిపిస్తుంది. రెండిటినీ మేము మజ్జిగ అనే పిలుస్తాం.

మిశ్రమం గుర్తుందనుకుంటాను: ఫెల్‌స్పార్, సిలికా, చీనామట్టి, వొలాస్టొనైట్, బోరాన్ ఫ్రిట్ (కరిగించి పొడి చేసిన గాజు) తలా 20 గ్రాములు, ఆ 100 పైన ఎర్ర ఐరన్ ఆక్సైడ్ 8 గ్రాములు. ఇనుము ఇంతగా ఉన్న గ్లేజ్ దళసరిగా పడినచోట నలుపు తిరుగుతుంది, అంచుల మీదా గీతల మీదా పలుచబడినచోట తుప్పు రంగు తేలుతుంది. అందుకే మొదటి పరీక్షకు దీన్ని ఎంచుకున్నాను: ఇది పొర మందాన్ని దాచదు. మీ బిళ్లలు మీకు చూపించింది రంగును కాదు, మందాన్నే.

అసలు విషయానికి ముందు రెండు చిన్న పొరపాట్లు. బాల్‌పెన్‌తోనూ స్కెచ్‌పెన్‌తోనూ అంకెలు వేసినవారి అంకెలు మంటలో పూర్తిగా మాయమయ్యాయి. ఐరన్ ఆక్సైడ్‌ను రెండు చుక్కల నీళ్లలో రంగరించి, సన్నటి కుంచెతో బిళ్ల అడుగున రాయండి, అది పోదు. ఇక బెంగళూరులో కుమ్మరులుండే పాటరీ టౌన్ నుంచి తెచ్చిన ఎర్రమట్టితో బిళ్లలు చేసినవారికి అవి ఎందుకు ఉబ్బి వంగిపోయాయో ఈపాటికి అర్థమై ఉంటుంది. కుండలకూ ప్రమిదలకూ వినాయకుడి బొమ్మలకూ ఎంతో చక్కగా ఒదిగే ఆ మట్టి 1,220 డిగ్రీల వేడికి తట్టుకోదు. ఇంత వేడికి తట్టుకునే ఏ స్టోన్‌వేర్ మట్టితో మీరు కప్పులు చేస్తారో, బిళ్లలూ ఆ మట్టివే కావాలి.

ఇప్పుడు అసలు ఉచ్చు. గ్లేజ్‌ను కలిపి, గరిటెతో ఎత్తి, ధార చూసి “సరిపోయింది” అనుకోవడం. కంటికి కనిపించే చిక్కదనం వేరు, నీటిలో ఉన్న పొడి ఎంత అన్నది వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే బిళ్లలన్నీ చెడతాయి. నమ్మకం కుదరకపోతే ఇలా చేయండి: కలిపిన గ్లేజ్‌ను రెండు గ్లాసుల్లోకి సమానంగా పోసి, ఒకదానిలో మందుల షాపులో దొరికే ఎప్సమ్ ఉప్పును చిటికెడు తీసుకుని అరచెంచా నీళ్లలో కరిగించి కలపండి. కాసేపటికి ఆ గ్లాసులోది పెరుగులా బరువెక్కినట్టు కనిపిస్తుంది, పక్క గ్లాసులోది పాలలా జారుతూనే ఉంటుంది. రెండిటిలోనూ ఉన్న పొడి మాత్రం దాదాపు అంతే. మొదటిదాన్ని చూసి “ఎక్కువ చిక్కబడింది” అని నీళ్లు పోసేవారు పలుచని పొరతో తుప్పు రంగు తెచ్చుకుంటారు. రెండోదాన్ని చూసి “పలుచగా ఉంది” అని పైన తేరిన నీటిని వంపేసేవారి బిళ్లలు కారిపోతాయి. పైగా కొన్ని ఫ్రిట్‌లు, నెఫెలిన్ సైనైట్ అనే రాతి పొడి వంటివి నీటిలో కొద్దికొద్దిగా కరుగుతాయి కనుక, నాలుగు రోజులు మూతపెట్టి ఉంచిన గ్లేజ్ ఏమీ కలపకుండానే నడక మార్చుకుంటుంది. కన్ను దీన్ని పసిగట్టలేదు, త్రాసు పసిగడుతుంది.

కాబట్టి తూచండి. దీనికి ప్రయోగశాల సామగ్రి అక్కర్లేదు. మందుల షాపులో సూది లేని 50 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి కొనండి. ఖాళీ సిరంజిని 0.1 గ్రాము చూపే త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి. గ్లేజ్‌ను జల్లెడ పట్టి, అడుగు నుంచి బాగా కలిపి, వెంటనే గాలి బుడగ లేకుండా సరిగ్గా 50 గీత దాకా లాగి, పైన అంటినది తుడిచి మళ్లీ తూచండి. ఖాళీ సిరంజి 30 గ్రాములు, నిండినది 103.5 గ్రాములు అనుకుంటే, లోపలి గ్లేజ్ 73.5 గ్రాములు, దాన్ని 50తో భాగిస్తే 1.47. నీళ్లకు ఈ అంకె 1 కనుక, ఆపైన ఉన్నదంతా పొడి తెచ్చిన బరువే. నేను ముంచే పనికి 1.45 దగ్గర పెట్టుకుంటాను. కొందరు 1.5 దాటితే తప్ప ఒప్పుకోరు, వారి కప్పులు బాగానే ఉంటాయి. నాకు కింద మట్టి గీతలు కనిపించడం ఇష్టం, అంతే.

అంకె ఎక్కువగా వస్తే ఎన్ని నీళ్లు పోయాలో అంచనా వేయకండి, లెక్క కట్టండి. ఉన్న అంకెలోంచి కావలసిన అంకెను తీసేసి, దాన్ని గ్లేజ్ పరిమాణంతో గుణించి, కావలసిన అంకెలోంచి 1 తీసేయగా మిగిలినదానితో భాగించాలి. 120 మిల్లీలీటర్ల గ్లేజ్ 1.52 ఉండి మీకు 1.45 కావాలంటే, 120ని 0.07తో గుణించి 0.45తో భాగించండి: సుమారు 19 మిల్లీలీటర్ల నీళ్లు. తక్కువగా వస్తే ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని అదే సిరంజితో లాగేయండి, తర్వాత మళ్లీ కలిపి మళ్లీ తూచండి.

ముంచడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏడు సెంటీమీటర్ల ఎత్తు, మూడున్నర వెడల్పు ఉన్న బిళ్లను పాదం దగ్గర పట్టుకుని తలకిందులుగా ఐదు సెంటీమీటర్ల దాకా ముంచి, తడి మెరుపు తగ్గాక పైభాగాన్ని మాత్రం రెండోసారి ముంచితే, రెండు మందాలు ఒకే బిళ్ల మీద కనిపిస్తాయి. పాత్ర సన్నగా పొడుగ్గా ఉండాలి. ఒకసారి గ్లేజ్ తగిలిన స్టీలు గ్లాసు మళ్లీ వంటింటి ముఖం చూడకూడదు. బెంగళూరు వానల్లో ఒక జాగ్రత్త: దుమ్ము పోవాలని బిస్క్ బిళ్లను (గ్లేజ్ వేయకముందు ఒకసారి కాల్చినదాన్ని) కడిగితే ఒక పగలంతా, ముసురు పట్టిన రోజుల్లో రెండు పగళ్లు ఆరనివ్వండి; కడుపులో నీళ్లున్న బిళ్ల గ్లేజ్‌ను సగమే పీల్చుకుంటుంది. కిల్న్‌లో ప్రతి బిళ్ల కిందా అదే మట్టితో చేసి బిస్క్ కాల్చిన అప్పడంలాంటి పళ్లెం ఒకటి పెట్టండి. కారితే పళ్లెం పోతుంది, పలక మిగులుతుంది.

అభ్యాసం ఈసారి బరువుగానే ఉంటుంది. పైన చెప్పిన 108 గ్రాముల పొడిని మూడుసార్లు విడివిడిగా కలపండి: ఒకదానికి 80, ఒకదానికి 100, ఒకదానికి 120 మిల్లీలీటర్ల నీళ్లు. సిరంజి అంకెలు వరుసగా 1.57, 1.49, 1.43 దగ్గర రావాలి. దూరంగా వస్తే మీ త్రాసునో జల్లెడనో అనుమానించండి. ఒక్కో గ్లాసులో మూడు బిళ్లలను 2, 4, 6 సెకన్లు, ఈసారి ఒక్కసారి మాత్రమే ముంచండి. తొమ్మిది బిళ్లలకూ వెనకవైపు సూదితో ఒక గీత గీసి, పొర మందం చూసి రాసుకున్నాకే కాల్చండి. వాటిలో మీకు బాగా నచ్చినదాన్ని పక్కన పెట్టి, వారం తర్వాత కొత్తగా పొడి తూచి, కొత్తగా నీళ్లు పోసి, అదే అంకెకు తెచ్చి, దాని జంటను చేయండి. ఆ రెండిటినీ కిటికీ దగ్గర పగటి వెలుతురులో పక్కపక్కన ఉంచినప్పుడు, ఏది పాతదో అడుగున అంకె చూడకుండా మీ ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయేదాకా ఐదో పాఠం తెరవకండి.