ఉచిత డేటా వెతకడం – 4వ పాఠం: తెలంగాణకు రెండు జనాభా లెక్కలు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. 2011 జనాభా లెక్కల నుంచి తెలంగాణ మొత్తం తీసుకురావాలి, పైసా కట్టకూడదు. జవాబులు చూశాక ఈసారి రాయాల్సిన వర్షపాతం పాఠాన్ని వాయిదా వేశాను. చాలామంది అసలు ఫైలే లేదన్నారు. దొరికినవాళ్లలో కొందరు 3,51,93,978 అని, కొందరు 3,50,03,674 అని పంపారు. ఏది తప్పు అని అడిగారు.

రెండూ ఒప్పే. అదెలాగో తర్వాత చెబుతాను, ముందు ఫైలు సంగతి చూద్దాం.

లెక్కలు తీసిన నాటికి తెలంగాణ రాష్ట్రం లేదు. అందుకే 2011 పట్టికల్లో ఆంధ్రప్రదేశ్, అంటే రాష్ట్ర కోడ్ 28 కిందే వెతకాలి. అందులో 23 జిల్లాలుంటాయి. జిల్లా కోడ్ 532 ఆదిలాబాద్ నుంచి 541 ఖమ్మం దాకా ఉన్న పదీ తెలంగాణవి. 542 శ్రీకాకుళం నుంచి 554 చిత్తూరు దాకా పదమూడూ ఆంధ్రప్రదేశ్‌వి. పేరు టైప్ చేసి వెతకడం మానేసి కోడ్‌తో వెతకండి. కడప ఆ పట్టికలో వై.ఎస్.ఆర్. పేరుతో ఉంటుంది, పేరుతో వెతికితే చేతికి రాదు. అయితే ఈ కోడ్‌లు 2001 ఫైళ్లకు పనికిరావు. అప్పట్లో జిల్లా కోడ్ ప్రతి రాష్ట్రంలోనూ 1 నుంచి మొదలయ్యేది. 2011లో దేశమంతటికీ కలిపి 640 వరకు ఇచ్చారు.

డౌన్‌లోడ్, ఎక్సెల్‌లో తెరవడం మీకు తెలిసినవే.

ఇక ఆ రెండు అంకెలు. తేడా 1,90,304 మంది. వీళ్లు పోలవరం ముంపు ప్రాంతం వాళ్లు. 2014 మేలో ఆర్డినెన్స్, జులైలో రాష్ట్ర విభజన చట్టానికి సవరణ చట్టం వచ్చి ఖమ్మం జిల్లాలోని కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. బూర్గంపాడు మండలంలో 12 రెవెన్యూ గ్రామాలు తప్ప మిగతావి, భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప మిగతావి కూడా వెళ్లాయి. పాత పది జిల్లాలు కూడితే పెద్ద అంకె, ఇప్పటి సరిహద్దులతో కూడితే చిన్న అంకె వస్తాయి.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎవరో ఎక్కించిన ఫైల్‌కి ‘తెలంగాణ జిల్లాల జనాభా 2011’ అని పేరుంటుంది, లోపల 33 జిల్లాలుంటాయి. సెన్సస్‌వాళ్లు 2011లో 33 జిల్లాలకు లెక్క ఇవ్వలేదు. జిల్లాలు 31 అయింది 2016 అక్టోబరులో, ములుగు, నారాయణపేట చేరి 33 అయింది 2019 ఫిబ్రవరిలో. అంటే ఆ అంకెలు తర్వాత ఎవరో గ్రామాలు, మండలాలు కూడి తయారుచేసినవి. ఎవరు కూడారు, ఏ తేదీ సరిహద్దులతో కూడారు అన్నది ఫైల్‌లో లేకపోతే దాన్ని వాడకండి. ఉచితంగా దొరికింది కదా అని వాడితే నష్టపోయేది మీరే.

ఇదే పొరపాటు రెండు రాష్ట్రాలూ కలిపేటప్పుడు ఇంకా ముదురుతుంది. తెలంగాణకు పాత అంకె, ఆంధ్రప్రదేశ్‌కు ముంపు మండలాలు కలిసిన 4,95,77,103 తీసుకున్నారనుకోండి. మొత్తం 8,47,71,081 వస్తుంది. సెన్సస్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చింది 8,45,80,777. ఆ 1,90,304 మందిని రెండుసార్లు లెక్కపెట్టారన్నమాట. పాత తెలంగాణ అంకె పక్కన 4,93,86,799 ఉండాలి. ఏ ఫైల్ తెరిచినా నేను ముందు చూసేది మొత్తం వరుసే. తెలంగాణవి రెండు, ఆంధ్రప్రదేశ్‌వి రెండు, పైన చెప్పిన ఈ నాలుగు అంకెల్లో ఏదో ఒకటి కనిపిస్తే అది ఏ సరిహద్దుతో చేసిన ఫైలో తెలిసిపోతుంది. ఏదీ కనిపించకపోతే మూసేస్తాను. రెడీమేడ్ జిల్లా పట్టికలు నాకసలు నచ్చవు. ఆలస్యమైనా గ్రామాల నుంచి కూడుకుంటూ వస్తాను.

అభ్యాసం: 541 ఖమ్మం జిల్లా గ్రామాల పట్టిక దించుకోండి. 2014 సవరణ చట్టంలోని పేర్లు పక్కన పెట్టుకుని, ఆ 1,90,304 మీరే తేల్చండి. చట్టంలో, పట్టికలో స్పెల్లింగులు ఒకేలా ఉండవు కాబట్టి కంటితో చూసి జతచేయాలి. ఒక సాయంత్రం పడుతుంది. అంకె కలవకపోతే ఏ మండలం దగ్గర తేడా వచ్చిందో రాసి పంపండి.